చిత్రశిల్పి బి.ఎన్. రెడ్డి

హంపీ శిథిలాల పక్కగా ప్రవహించే తుంగభద్రానది కర్నూలు సమీపంలోని సుంకేసులకు చేరినప్పుడు కొంత నీటిని ఒక కాలువకు అప్పగిస్తుంది. అదే కర్నూలు-కడప కాలువ. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో తవ్విన ఈ కాలువ నందికొట్కూరు ప్రాంతాన్ని తడుపుతూ, నంద్యాల సీమను దాటి, మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణించి కడపను చేరుతుంది. కాలువ పారిన చోట వరిమళ్ళు కనిపిస్తాయి. కాలువ అందని చోట జొన్న, కొర్ర, వేరుసెనగ పైరులే రైతుకు దిక్కు. అక్కడి రైతు వానకోసం ఎదురుచూస్తాడు. పదును చిక్కినప్పుడే విత్తుతాడు. కాలం కలిసిరాకపోతే మరో ఏడాది ఓపిక పడతాడు. తొందరపాటు మెట్టసేద్యానికి పనికిరాదు. కాలువ నీరు చేరని అటువంటి పల్లెలో పుట్టి, ఆ రైతుకున్నంత ఓపికతోనే చలనచిత్రాలను పండించిన కళాకారుడు బి.ఎన్. రెడ్డి.

బి.ఎన్. రెడ్డి పూర్తి పేరు బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి. ఆయన కడప జిల్లా పులివెందుల తాలూకా కొత్తపల్లి గ్రామంలో 1908 నవంబరు 16వ తేదీన జన్మించారు. విజయా సంస్థ అధినేతగా, 'చందమామ' స్థాపకులలో ఒకరుగా ప్రసిద్ధి చెందిన బి. నాగిరెడ్డి ఆయన తమ్ముడు. ఛాయాగ్రాహకుడుగా పేరు పొందిన బి.ఎన్. కొండారెడ్డి మరో తమ్ముడు. వారిది వ్యవసాయ కుటుంబమే అయినా వ్యాపారం తెలిసిన కుటుంబం. సీమలో పండిన ఉల్లిపాయలు ఆ కుటుంబం ద్వారా మద్రాసు రేవు దాటి బర్మా దేశానికి ఎగుమతి అయ్యేవి. ఈ వ్యాపార సంబంధమే అన్నదమ్ములకు మద్రాసు మహానగరపు ద్వారాలు తెరిచింది.

ఆనాటి మద్రాసు ఉమ్మడి రాష్ట్రానికి రాజధాని. తెలుగువారి పత్రికలు, ప్రచురణ సంస్థలు, నాటక సమాజాలు, జాతీయోద్యమ సభలు అన్నింటికీ అదే కూడలి. అక్కడ ఆ కుటుంబం చేపట్టిన వ్యాపకాలలో ముద్రణ ఒకటి. వారి బి.ఎన్.కె. ముద్రణాలయం కాలక్రమంలో దక్షిణ భారతదేశంలో పేరెన్నికగన్నది. అచ్చుపని బయటకు యాంత్రికంగా కనిపించినా అది కంటికి గొప్ప శిక్షణ ఇచ్చే పని. ఏ అక్షరం ఎంత పరిమాణంలో ఉండాలి, బొమ్మ చుట్టూ ఎంత ఖాళీ వదలాలి, నల్లని సిరా తెల్లని కాగితం మీద ఎక్కడ నిండుగా, ఎక్కడ పలుచగా పడాలి అనే విచక్షణ లేనివాడు మంచి ముద్రాపకుడు కాలేడు. తెలుపు నలుపుల పొందికను ఎరిగి ఉండడం, తెలుపు నలుపులలోనే కథ చెప్పవలసిన ఆనాటి చలనచిత్రకారునికి కూడా ఎంతో అవసరం.

తెలుగు చలనచిత్రం అప్పటికి పసిబిడ్డ. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వం వహించిన 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలై తెలుగులో తొలి సంపూర్ణ వాక్చిత్రంగా నిలిచింది. తరువాత కొన్నేళ్ళపాటు వచ్చిన చిత్రాలలో అధికభాగం రంగస్థల పౌరాణిక నాటకాలకు ప్రతిబింబాలే. కెమెరా ఒకచోట నిలిచేది. నటులు దాని ఎదుట నిలబడి పద్యాలు ఆలపించేవారు. వెనుక అద్దకపు తెర వేలాడేది. చలనచిత్రానికి తనదైన దృశ్యభాష ఉందన్న గుర్తింపు ఇంకా బలపడలేదు. ఈ పరిస్థితిలో హెచ్.ఎం. రెడ్డితో కలిసి బి.ఎన్. రెడ్డి రోహిణీ సంస్థలో భాగస్వామి అయ్యారు. ఆ సంస్థ 1938లో నిర్మించిన 'గృహలక్ష్మి' సాంఘిక చిత్రంగా ప్రజాదరణ పొందింది. నటగాయకుడు చిత్తూరు వి. నాగయ్య తెరకు పరిచయమైనది ఆ చిత్రంతోనే.

చిత్రం విజయవంతమైన తరువాత, కుదురుకున్న సంస్థలో భాగస్వామిగా కొనసాగడం సులభమైన మార్గం. బి.ఎన్. రెడ్డి ఆ మార్గాన్ని ఎంచుకోలేదు. తాను తలచిన కథను తాను తలచిన రీతిలో తీయాలంటే నిర్ణయాధికారం తన చేతిలో ఉండాలని ఆయన గ్రహించారు. ముప్పై ఏళ్ళ వయస్సులో రోహిణీ నుండి వెలుపలికి వచ్చి, అనంతపురం ప్రాంతానికి చెందిన సంపన్నుడు మూలా నారాయణస్వామి ధనసహాయంతో 'వాహినీ' సంస్థను నెలకొల్పారు. సీమ ధనం, సీమ పట్టుదల కలిసి మద్రాసులో ఒక కొత్త ప్రయత్నానికి పునాది వేశాయి.

వాహినీ విశిష్టత దాని సభ్యుల ఎంపికలో ఉంది. ఛాయాగ్రహణంలో, చిత్రకథా నిర్మాణంలో నేర్పరి అయిన కె. రామ్‌నాథ్, కళాదర్శకుడు ఎ.కె. శేఖర్, రచయిత సముద్రాల రాఘవాచార్య, నటగాయకుడు నాగయ్య తొలి దశలోనే ఆ సంస్థలో చేరారు. తాడిపత్రికి చెందిన కదిరి వెంకటరెడ్డి, అనగా తరువాతి కాలపు ప్రసిద్ధ దర్శకుడు కె.వి. రెడ్డి, నిర్మాణ నిర్వహణ బాధ్యతలు చేపట్టారు. దర్శకుడు ఒక్కడే సర్వజ్ఞుడన్న భావన అక్కడ లేదు. దృశ్యాన్ని గురించి కళాదర్శకుడు, వెలుతురును గురించి ఛాయాగ్రాహకుడు, మాటను గురించి రచయిత ఆలోచించేవారు. ఆ ఆలోచనలన్నింటినీ ఒకే లక్ష్యం వైపు నడిపించే బాధ్యతను బి.ఎన్. రెడ్డి వహించారు.

ఆయన దర్శకత్వం వహించిన తొలిచిత్రం 'వందేమాతరం' 1939లో విడుదల అయింది. చదువుకొని కూడా ఉద్యోగం దొరకని యువకుని కష్టాలు, వరకట్న దురాచారం ఇందులోని ఇతివృత్తం. 1940లో వచ్చిన 'సుమంగళి' వితంతు వివాహ సమస్యను స్పృశించింది. 1941 నాటి 'దేవత'లో విద్యావంతుడైన యజమాని చేతిలో మోసపోయిన పనిమనిషి కథ ఉంది. దేవతలు, రాక్షసులు మాత్రమే తెరపై సంచరిస్తున్న రోజులలో ఒక పనిమనిషికి 'దేవత' అన్న పేరు పెట్టడంలోనే ఆయన దృక్పథం వ్యక్తమవుతుంది. మూడేళ్ళలో మూడు సాంఘిక చిత్రాలు తీసి, సమకాలీన జీవితం కూడా వెండితెరకు అర్హమైన వస్తువేనని ఆయన నిరూపించారు.

అంతటితో ఆయన తన స్థానాన్ని పదిలపరచుకొని ఊరుకోలేదు. వాహినీ తదుపరి చిత్రమైన 'భక్తపోతన' దర్శకత్వ బాధ్యతను కె.వి. రెడ్డికి అప్పగించారు. అప్పటికి కె.వి. రెడ్డి ఒక్క చిత్రానికైనా దర్శకత్వం వహించినవారు కారు. ఆ చిత్రం ఘనవిజయం సాధించింది. ఆ తరువాత 'యోగివేమన', 'గుణసుందరి కథ' వంటి వాహినీ చిత్రాలను, విజయా సంస్థలో 'పాతాళభైరవి', 'మాయాబజార్' వంటి కళాఖండాలను కె.వి. రెడ్డి తెలుగు ప్రేక్షకులకు అందించారు. తాను స్థాపించిన సంస్థలో మరొకరి ప్రతిభకు చోటివ్వగల ఔదార్యం బి.ఎన్. రెడ్డి వ్యక్తిత్వంలో ముఖ్యమైన పార్శ్వం.

1945లో విడుదలైన 'స్వర్గసీమ' ఆయన దర్శకత్వ ప్రతిభ పరిణతిని చాటింది. నాటకరంగంలో పేరు ప్రతిష్ఠలు సంపాదించిన ఒక గృహస్థు, పేదరికం నుండి నటిగా ఎదిగిన స్త్రీ ఆకర్షణలో పడి, భార్యాబిడ్డలను విస్మరించి, చివరకు పశ్చాత్తాపపడడం ఇందులోని కథ. గృహస్థుగా నాగయ్య, భార్యగా బి. జయమ్మ, నటిగా భానుమతి నటించారు. భానుమతి అభినయానికి, గానానికి అఖండమైన కీర్తి లభించింది. తరువాతి కాలంలో తెలుగువారి గుండెలలో నిలిచిన ఘంటసాల గళం నేపథ్యగానంలో వినిపించిన తొలి సందర్భాలలో ఈ చిత్రం ఒకటి. మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణంలో వెలుగునీడలు పాత్రల మనఃస్థితిని సూచించే సాధనాలయ్యాయి.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత వాహినీ సంస్థకు సొంత స్టూడియో నిర్మించే ప్రయత్నం ఊపందుకొంది. మద్రాసులోని వడపళని ప్రాంతంలో వాహినీ స్టూడియో వెలసింది. ఇతరుల స్టూడియోను అద్దెకు తీసుకొన్న దర్శకుడు రోజుల లెక్క చూసుకొని పని ముగించాలి. సొంత స్టూడియో ఉన్నవాడు ఒక రంగం సంతృప్తికరంగా వచ్చేవరకు శ్రమించగలడు. అయితే ఆ స్వేచ్ఛకు మూల్యం కూడా పెద్దదే. యంత్రాలకు, భవనాలకు, నెలజీతాలకు ధనం ప్రవహిస్తూనే ఉండాలి. చిత్రాలు మాత్రం నిదానంగా తయారవుతాయి. ఈ రెండింటి నడుమ ఉన్న వైరుధ్యమే బి.ఎన్. రెడ్డి జీవితంలోని అసలు పరీక్ష. ఆ పరీక్ష 'మల్లీశ్వరి' నిర్మాణకాలంలో ఆయనకు ఎదురయింది.

తొలిచిత్రం 'వందేమాతరం' తీస్తున్న రోజులలోనే ఆయన హంపీని సందర్శించారు. విరూపాక్షాలయాన్ని, విజయనగర శిథిలాలను చూసినప్పుడు శ్రీకృష్ణదేవరాయల కాలపు వైభవాన్ని తెరకెక్కించాలన్న కోరిక ఆయనలో అంకురించింది. ఆ కోరిక ఫలించడానికి పన్నెండేళ్ళు పట్టింది. రాయలసీమ అనే పేరులోనే రాయలు ఉన్నారు. ఆ సీమలో పుట్టిన దర్శకుడు రాయలవారి యుద్ధాలను కాని, జైత్రయాత్రలను కాని కథగా తీసుకోలేదు. ఒక పల్లెపిల్ల, ఒక శిల్పి, వారి ప్రేమ అనే చిన్న వస్తువును స్వీకరించారు. బుచ్చిబాబు రచించిన 'రాయలవారి కరుణకృత్యము' నాటిక, దేవన్ శరార్ ఆంగ్లంలో రచించిన ఒక కథ ఈ చిత్రానికి మూలాధారాలు.

మల్లీశ్వరి, నాగరాజు బావామరదళ్ళు. వానకురిసిన ఒక రాత్రి పాడుబడిన మండపంలో మల్లి ఆడిపాడుతుండగా, మారువేషంలో సంచరిస్తున్న రాయలవారు, అల్లసాని పెద్దన ఆ దృశ్యాన్ని చూస్తారు. ఎదుట ఉన్నది ప్రభువని తెలియని నాగరాజు, మల్లికి రాణివాసపు పల్లకి పంపేటట్లు రాయలవారికి చెప్పమని పరిహాసమాడతాడు. ఆ పరిహాసమే వారి పాలిట శాపమవుతుంది. నిజంగానే పల్లకి వస్తుంది. ధనాశకు లోబడిన తల్లి కూతురిని అంతఃపురానికి పంపుతుంది. రాణివాసం చేరిన స్త్రీని పరపురుషుడు కలుసుకోవడం మరణదండనకు తగిన నేరం. విరహంతో మతి చెదిరిన నాగరాజు బండరాళ్ళమీద మల్లి రూపాన్నే చెక్కుతూ కాలం గడుపుతాడు. విధివశాన శిల్పిగా విజయనగరం చేరి మల్లిని కలుసుకొంటాడు, ఇద్దరూ పట్టుబడతారు, చివరకు రాయలవారి కరుణ వారిని కాపాడుతుంది. ప్రభువు అనుగ్రహం కూడా సామాన్యుల స్వేచ్ఛను హరించగలదన్న సత్యం ఈ కథలో సున్నితంగా ధ్వనిస్తుంది.

ఇటువంటి కథకు దృశ్యరూపం కల్పించడం సామాన్యమైన పని కాదు. పదహారవ శతాబ్దపు పల్లె ఎలా ఉండేది, అంతఃపురపు స్తంభాలు ఎంత ఎత్తుండేవి, స్త్రీలు ఏ ఆభరణాలు ధరించేవారు అన్న ప్రశ్నలకు కళాదర్శకుడు సమాధానం చెప్పాలి. ఆ సమాధానాన్ని కాగితం మీద చిత్రించి, కొయ్యతో, సున్నంతో, గుడ్డతో నిజం చేయాలి. తెరమీద కొయ్యస్తంభం రాతిస్తంభంలా కనిపించాలి. కెమెరా ఎక్కడ నిలుస్తుందో, వెలుతురు ఏ దిక్కు నుండి పడుతుందో ముందే ఊహించి కట్టిన కట్టడమే దృశ్యానికి ప్రాణం పోస్తుంది. ఎ.కె. శేఖర్ ఈ బాధ్యతను ఎంతో సమర్థంగా నిర్వహించారు. ఆది ఇరానీ, కొండారెడ్డి ఛాయాగ్రహణం నిర్వహించారు. ఎడ్లబండ్లు పోటీపడి పరుగెత్తే పల్లెబాట, వానతడిసిన మండపం, శిలలపై మెరిసే మల్లి రూపం, అంతఃపురంలోని విశాలమైన ఏకాంతం అన్నీ తెలుపు నలుపుల కావ్యాలుగా రూపొందాయి. పల్లెలోని దృశ్యాలకు ఆరుబయలు వెలుతురు, అంతఃపుర దృశ్యాలకు గోడల నీడలు నేపథ్యమయ్యాయి. మల్లి పోగొట్టుకొన్నది ఏమిటో మాటలతో పనిలేకుండానే ప్రేక్షకునికి బోధపడుతుంది.

రచన విషయంలోనూ ఆయన సాహసించారు. అంతవరకు చలనచిత్రాలకు రచన చేయని భావకవి దేవులపల్లి కృష్ణశాస్త్రిని ఆహ్వానించి పాటలు, మాటలు రాయించారు. సాలూరి రాజేశ్వరరావు సంగీతం సమకూర్చారు. మల్లిగా భానుమతి, నాగరాజుగా ఎన్.టి. రామారావు నటించారు. బాలల కార్యక్రమాల ద్వారా రేడియో అన్నయ్యగా ప్రసిద్ధులైన న్యాయపతి రాఘవరావు అల్లసాని పెద్దన పాత్ర ధరించారు. కవిత్వం, సంగీతం, చిత్రలేఖనం, శిల్పం, నటన అన్నవి వేరువేరు కళలుగా కాక ఒకే అనుభూతిగా ఈ చిత్రంలో కలిసిపోయాయి.

'మల్లీశ్వరి' 1951 డిసెంబరులో విడుదల అయింది. రసజ్ఞులు ప్రశంసించారు. 1953లో చైనా భాషా శీర్షికలతో బీజింగ్ నగరంలో ప్రదర్శితమై విదేశీయుల మన్ననలను కూడా పొందింది. అయితే ప్రశంసలు వచ్చినంత త్వరగా ధనం రాలేదు. తొలి విడుదలలో చిత్రానికి లభించిన ఆదరణ సాధారణమైనదే. కాలం గడిచినకొద్దీ, తిరిగి ప్రదర్శించినకొద్దీ దాని కీర్తి పెరిగింది. ఈలోగా మూలా నారాయణస్వామికి ఎదురైన ఆర్థిక ఇబ్బందుల వల్ల స్టూడియో నిర్వహణ నాగిరెడ్డి, చక్రపాణి నాయకత్వంలోని విజయా సంస్థకు సంక్రమించింది. వారి కార్యదక్షత వల్ల అది విజయా-వాహినీ స్టూడియోగా విస్తరించి ఆసియా ఖండంలోనే అతిపెద్ద స్టూడియోలలో ఒకటిగా పేరుపొందింది. తాను ఊపిరి పోసిన ప్రాంగణం పెరిగి పెద్దదయింది. కాని దానిపై అధికారం తన చేతిలో మిగలలేదు.

ఒకే తల్లి బిడ్డలైన ఇద్దరు సోదరులు రెండు భిన్నమైన మార్గాలకు ప్రతినిధులుగా నిలవడం ఇక్కడ గమనింపదగిన విషయం. నాగిరెడ్డి సంస్థను నిర్మించారు. వందలాది కుటుంబాలకు ఉపాధి చూపారు. జనరంజకమైన చిత్రాలను క్రమం తప్పకుండా అందించారు. బి.ఎన్. రెడ్డి చిత్రాన్ని మాత్రమే నిర్మించారు. ఒకరి మార్గం లేకుండా పరిశ్రమ నిలువదు. మరొకరి మార్గం లేకుండా కళ ఎదుగదు. ఏ మార్గానికి ఆ మార్గం కష్టమైనదే.

స్టూడియో చేజారినా ఆయన తన పద్ధతిని మార్చుకోలేదు. ఆంగ్ల నవలాకారిణి జార్జ్ ఇలియట్ రచించిన 'సైలస్ మార్నర్' ఆధారంగా 1955లో 'బంగారుపాప' నిర్మించారు. లోకం చేసిన అన్యాయానికి గుండె బండబారిన కోటయ్య అనే కఠినుడు ఒక అనాథశిశువును పెంచే క్రమంలో తిరిగి మనిషిగా మారడం ఇందులోని కథ. కథ పరాయిదే అయినా తెరమీద అది అచ్చమైన తెలుగు పల్లెకథగా రూపుదిద్దుకొంది. పాలగుమ్మి పద్మరాజు ఈ చిత్రానికి రచన చేశారు. కోటయ్యగా ఎస్.వి. రంగారావు ప్రదర్శించిన నటన నేటికీ ప్రమాణంగా నిలిచింది. ఉత్తమ తెలుగు చిత్రంగా దీనికి రాష్ట్రపతి రజతపతకం లభించింది.

తరువాతి సంవత్సరాలలో ఆయన ఇతర నిర్మాతల కోసం కూడా పనిచేశారు. 1957లో 'భాగ్యరేఖ', 1964లో 'పూజాఫలం' ఆ విధంగా వచ్చినవే. మునిపల్లె రాజు నవల 'పూజారి' ఆధారంగా తీసిన 'పూజాఫలం' ఒక బిడియస్తుని అంతరంగాన్ని ఆవిష్కరించిన చిత్రం. ఈ మధ్యలో 1960లో వాహినీ పతాకంపై తెలుగు, తమిళ భాషలలో 'రాజమకుటం' అనే జానపద చిత్రాన్ని తీశారు. అది ఆయన స్వభావానికి కొంత దూరమైన ప్రయోగం. 'మల్లీశ్వరి' స్థాయిని అది అందుకోలేదు. స్వతంత్ర కళాకారుని ప్రయాణంలో ఇటువంటి మలుపులు తప్పవు. అతడు ఒక్కొక్కప్పుడు ఇతరుల ధనంతో పనిచేయవలసి వస్తుంది. ఒక్కొక్కప్పుడు ప్రజల అభిరుచిని అంచనా వేయబోయి తన దారికి దూరమవుతాడు. తిరిగి తన దారికి రాగలగడమే ముఖ్యం.

బి.ఎన్. రెడ్డి తన దారికి తిరిగి వచ్చారు. 1966లో వచ్చిన 'రంగులరాట్నం' దానికి నిదర్శనం. బతుకుతెరువు కోసం పల్లె విడిచి పట్టణం చేరిన ఒక కుటుంబం, కాలచక్రంలో పైకీ కిందికీ తిరుగుతూ, చివరకు అన్నదమ్ములే ఎన్నికలలో ప్రత్యర్థులుగా నిలిచే స్థితికి చేరడం ఇందులోని ఇతివృత్తం. తల్లి పాత్రను అంజలీదేవి పోషించారు. కొత్త నటుడు చంద్రమోహన్ ఈ చిత్రంతో పరిచయమయ్యారు. కరవు వచ్చినప్పుడల్లా ఊరు విడిచే కుటుంబాలను చూసిన రాయలసీమ ప్రజలకు ఈ కథ ఎంతో దగ్గరిది. జాతీయస్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రంగా, రాష్ట్రస్థాయిలో నంది పురస్కారానికి అర్హమైన చిత్రంగా ఇది గౌరవం పొందింది. 1969లో వచ్చిన 'బంగారు పంజరం' ఆయన చివరి చిత్రం. దానికి కూడా కృష్ణశాస్త్రి పాటలు రాశారు.

ముప్పై ఏళ్ళ కాలంలో బి.ఎన్. రెడ్డి దర్శకత్వం వహించిన తెలుగు చిత్రాలు పదకొండు మాత్రమే. ఏడాదికి రెండు మూడు చిత్రాలు తీసే దర్శకులున్న పరిశ్రమలో ఇది చాలా చిన్న సంఖ్య. కాని ఆ పదకొండింటిలో అధికభాగం నేటికీ చర్చలో నిలిచి ఉన్నాయి. భారత ప్రభుత్వం 1974లో ఆయనను పద్మభూషణ్ పురస్కారంతో సత్కరించింది. అదే సంవత్సరానికి భారతీయ చలనచిత్ర రంగంలో అత్యున్నతమైన దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనకు లభించింది. ఆ పురస్కారం పొందిన తొలి దక్షిణ భారతీయుడు ఆయనే. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది. 1977 నవంబరు 8వ తేదీన ఆయన మద్రాసులో కన్నుమూశారు. తరువాత తొమ్మిదేళ్ళకు, 1986వ సంవత్సరానికి, తమ్ముడు నాగిరెడ్డికి కూడా ఫాల్కే పురస్కారం లభించింది. ఒకే ఇంటి అన్నదమ్ములిద్దరికి ఈ గౌరవం దక్కడం కడప జిల్లాకు గర్వకారణం.

చిత్రరచనకు, చలనచిత్రానికి గల బంధం బి.ఎన్. రెడ్డి తరువాత కూడా బలపడింది. వంగదేశంలో వాణిజ్య చిత్రకారుడుగా, పుస్తకాల ముఖచిత్రాల రూపకర్తగా జీవితం ప్రారంభించిన సత్యజిత్ రాయ్ 1955లో 'పథేర్ పాంచాలి' తీసి ప్రపంచఖ్యాతి గడించారు. రంగాలను ముందుగా బొమ్మలుగా గీసుకొని తీయడం ఆయన అలవాటు. తెలుగులో చిత్రకారుడు బాపు 1967లో 'సాక్షి'తో దర్శకుడై, తన గీతల సౌందర్యాన్ని తెరమీదకు తెచ్చారు. వీరు స్వయంగా కుంచె పట్టినవారు. బి.ఎన్. రెడ్డి కుంచె పట్టిన చిత్రకారుడు కాడు; కాని చిత్రకారుని విలువ తెలిసిన దర్శకుడు. కథను అక్షరాలలో కాక ఆకృతులలో, వెలుగునీడలలో ఊహించాలన్న సంప్రదాయాన్ని తెలుగుతెరపై తొలిరోజులలోనే పాదుకొల్పినవారిలో ఆయన అగ్రగణ్యుడు.

నేడు కెమెరా అందరి చేతిలోకి వచ్చింది. చిన్న పల్లెలోని విద్యార్థి కూడా చరవాణితో లఘుచిత్రం తీయగలుగుతున్నాడు. సంగణకం మీద దృశ్యాలను రూపొందించగలుగుతున్నాడు. స్టూడియో లేకపోయినా, ధనవంతుని అండ లేకపోయినా కళాకారుడు స్వతంత్రంగా నిలబడే అవకాశం పెరిగింది. సాధనాలు సులభమయ్యాయి కాని సాధన సులభం కాలేదు. వ్యాపార కుటుంబంలో పుట్టి, అచ్చుయంత్రాల చప్పుడు విని, భాగస్వామిగా పని నేర్చుకొని, సొంతసంస్థ స్థాపించి, స్టూడియోను కోల్పోయి, ఇతరుల కోసం పనిచేసి, మళ్ళీ తన కథను తాను చెప్పిన బి.ఎన్. రెడ్డి జీవితం ఈ రంగాన్ని ఎంచుకొనే యువతకు ఒక చక్కని పటం. స్వతంత్రత అంటే ఎవరి అవసరమూ లేకపోవడం కాదనీ, సమర్థులను కూడగట్టి, వారి ప్రతిభను గౌరవిస్తూ, పనిలో రాజీపడకపోవడమనీ ఆ జీవితం తెలియజేస్తుంది.

హంపీ రాళ్ళను తాకిన తుంగభద్ర నీరు నేటికీ సుంకేసుల మీదుగా, నందికొట్కూరు పొలాలను తడుపుతూ కడప వైపు సాగుతూనే ఉంది. ఆ నది ఒడ్డున పుట్టిన ఒక తలపును పన్నెండేళ్ళు మనసులో మోసి 'మల్లీశ్వరి'గా మలచిన బి.ఎన్. రెడ్డి, సీమ గడ్డ తెలుగువారికి అందించిన అపురూపమైన చిత్రశిల్పి.